రొట్టె అడుగు

ఆసుపత్రి వరండాలో అప్పుడే తుడిచిన నేల మీద నేనూ నా మనవరాలూ చెప్పులు విడిచి నడిచాం. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూస్తే మా పాదాల గుర్తులు వరసగా కనిపించాయి. మిగతా జనం అడుగులు మధ్యలో సన్నబడి, మడమ ఒకచోట, మునివేళ్లు ఒకచోట పడ్డాయి. మా ఇద్దరివీ మాత్రం నిండుగా, చేత్తో తట్టిన జొన్నరొట్టెల్లా ఉన్నాయి. నేల తుడిచే ఆమె మమ్మల్ని కొరకొరా చూసింది. చిన్నదానికి నవ్వొచ్చింది.

"అవ్వా, నీదీ నాదీ ఒకే అచ్చు సూడు" అంది.

ఆ మాటతో నాకు మా జేజి గుర్తొచ్చింది. జేజి అంటే మా నాయన తల్లి. పొద్దున్నే ఇల్లు పేడతో అలికేది. అది ఆరకముందే ఎవరు తొక్కినా అడుగు చూసి దొంగను పట్టుకునేది. అక్క ఎన్నిసార్లు తొక్కినా, అది అమ్మ అడుగో పక్కింటివాళ్ల అడుగో అని వాదించి తప్పించుకునేది. నాకు ఆ అదృష్టం లేదు.

"ఏమ్మే, నీ అడుగు రొట్టె తట్టినట్ల పడతాంది. అబద్ధం చెప్పేకి గూడా పనికిరావు నువ్వు" అనేది జేజి.

ఒకసారి శెట్టిగారి చేలో పచ్చి శెనక్కాయలు పీక్కుతిన్నాం, అక్కా నేనూ. అక్క ఒడి నింపుకుంది. నేను అక్కడే కూర్చుని మట్టితో సహా నమిలాను. ఆ పాలుగారే గింజల రుచి, చేతులకంటిన ఎర్రమట్టి వాసన ఇప్పటికీ నాకు తెలుస్తుంది. మర్నాడు చేను కావలి తాత కట్టె పట్టుకుని నేరుగా మా ఇంటికే వచ్చాడు. ఊళ్లో ఇంకెవరి గుమ్మం తొక్కలేదు.

"ఏమప్పా, మీ చిన్నది యాడుండాది? చేన్లో అంతా రొట్టెలు తట్టిపెట్టి పోయింది" అన్నాడు నాయనతో. నాయన కోపం తెచ్చుకోవాలనుకుని తెచ్చుకోలేక నవ్వేశాడు. అమ్మ మాత్రం ఇద్దరినీ బాదింది. అక్క దెబ్బలు తింటూ కూడా నన్ను చూసి పళ్లికిలించింది.

అక్క సంగతి చెప్పాలి. అది ఎదురుకాళ్లతో పుట్టింది. తల ముందు రావాల్సింది కాళ్లు ముందొచ్చాయి. అమ్మ ఆ కాన్పులో చావు దాకా పోయి వచ్చిందట. అందుకని జేజికి దాని మీద లోపల ఎప్పుడూ ఒక కినుక ఉండేది. ఏ చిన్న తప్పు చేసినా "తల్లిని మింగబోయిన దానివి, నీకేం తెలుస్తాది" అనేది. అక్క నలుపు, ముక్కు చప్పిడి, చదువు రాలేదు. ఆ ఇంట్లో దానికి దక్కిన మర్యాద అంతా ఆదివారం పొద్దునే.

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే పట్టిన నడుమూ, బెణికిన కాలూ విడుస్తాయని మా వైపు గట్టి నమ్మకం. ఆదివారం ఎండ రాకముందే కలుపు తీసి నడుము పట్టేసిన ఆడవాళ్లూ, మూట ఎత్తి మెడ పట్టేసిన మగవాళ్లూ మా వాకిట్లో తూర్పు తిరిగి కూర్చునేవాళ్లు. అక్క ఎడమకాలు కడుక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చి, నొప్పి ఉన్నచోట మూడుసార్లు తొక్కేది. అంత పెద్దమనుషులు అంత చిన్నపిల్ల ముందు వంగి కూర్చునేవాళ్లు. పోతూ పోతూ బెల్లం ముక్కో, గుప్పెడు బొరుగులో, ఉడకేసిన ఉలవలో దాని చేతిలో పెట్టేవాళ్లు. అక్క అందులో సగం నాకిచ్చేది. ఎక్కువ సగం నాకే ఇచ్చేది.

నా కాలి నొప్పి మొదలైంది వాన మొహం చాటేసిన ఏడాది. విత్తనం పడే అదునుకు ఒక్క పదును వాన కురిసింది. ఊరంతా ఎగబడి విత్తారు. ఆ వాసన ఎలా చెప్పను. ఎర్రనేల మీద మొదటి వాన పడితే కడుపు నిండినట్టుండేది. మా ఇంట్లో విత్తనం కాయలు ఒలిచి, పురుగు తినకుండా ఏదో మందుపొడి కలిపి పెట్టారు. అక్కా నేనూ వాటిని దొంగిలించి, కడిగి, ఎండబెట్టి తిన్నాం. తర్వాత కడుపులు పట్టుకుని దొర్లుతుంటే జేజి మజ్జిగ మీద మజ్జిగ పోసింది. తిట్టు మీద తిట్టు కూడా పోసింది.

ఆ విత్తనమప్పుడు కూలి మనిషి రాక, గొర్రు వెనక గింజ వదలడానికి నన్ను నడిపించారు. దున్నిన నేలలో పెళ్లలు, గుండ్లు. అందరి పాదాలూ నేల ఎలా ఉంటే అలా ఒరిగేవి. నాది ఒరగదు. పెళ్ల మీద పడితే కాలు మొత్తం పడిపోయేది. గింజలు ఒకచోట కుప్పగా, ఒకచోట ఖాళీగా పడ్డాయి. నాయన ఎద్దులను ఆపి నా వైపు చూశాడు.

"ఏమైంది పాపా?"

"కాలు బెనికింది నాయనా."

"పొద్దన్నించి ఎన్నితూర్లు బెనుకుతాదమ్మే నీ కాలు!"

సాయంత్రానికి కుడి చీలమండ కింద వాచింది. జేజి చింతాకు ఉడకేసి కట్టింది, ఉప్పు కాపడం పెట్టింది, ఆముదం రాసింది. వాపు దిగేది. మళ్లీ నడిస్తే మళ్లీ వచ్చేది. చదును నేల మీద ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని గానీ గట్టు ఎక్కాలన్నా, వంక దాటాలన్నా ప్రాణం పోయేది.

తర్వాత వాన లేదు. మొలిచిన చేను మొలిచినట్టే ముడుచుకుంది. పొద్దు వాలినప్పుడు కూడా ఆకులు విచ్చుకోవడం మానేశాయి. నాయన రోజూ చేలోకి పోయి ఒక మొక్క పీకి, వేరు చూసి, పారేసి వచ్చేవాడు. ఇంట్లో రాగిసంగటి పలుచనైంది, ఆ తర్వాత అంబలైంది. అమ్మ బీళ్ల వెంట తిరిగి గురుగాకు కోసుకొచ్చేది. ఊరిబిండి పచ్చడి నూరడానికి ఇంట్లో శెనక్కాయ పలుకు లేదంటే మా ఊళ్లో దానికంటే కరువు ఇంకొకటి లేదు. అందరం కరువు పనికి పోయాం. రోడ్డు కోసం కంకర మోయడం. నేను తట్ట ఎత్తుకుని కుంటుతుంటే పని చూపించే మేస్త్రీ, పని తప్పించుకునే దొంగ కుంటు అన్నాడు. ఆ మాటకు నాయన వాడి మీదికి పోబోయి, ఆగి, ఒక రాయి తీసి దూరంగా విసిరేశాడు. పని పోతే ఏం తింటాం?

అక్క ప్రతి ఆదివారం నన్ను తొక్కింది. నన్ను తూర్పుకు కూర్చోబెట్టి, కాలు చాపమని, తన ఎడమకాలితో మెల్లగా, చాలా మెల్లగా తొక్కేది. ఊళ్లోవాళ్లనైతే నిబ్బరంగా తొక్కేది గానీ నా దగ్గరికి వచ్చేసరికి దాని మొహంలో భయం కనిపించేది.

"ఇప్పుడెట్లుండాదమ్మే?"

"అట్లే ఉండాది."

వారం వారం అదే మాట. నేనెందుకు అబద్ధం చెప్పాలి? నిజంగానే అలాగే ఉంది. అయితే ఆ నిజం వాకిలి దాటి ఊళ్లోకి పోయింది. "సొంత చెల్లెలి కాలే ఇడిపించలేనిది మా నడుములేం ఇడిపిస్తాదిలే" అని పక్కింటామె జేజి వినేలా అంది. ఆదివారం వాకిట్లో జనం తగ్గారు. తర్వాత ఎవరూ రాలేదు. కరువులో బెల్లం ముక్క పెట్టడానికి కూడా లేక రాలేదేమో, ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాకు తెలియదు. అక్క మాత్రం ప్రతి ఆదివారం కాలు కడుక్కుని వాకిట్లో నిలబడేది. ఎండ ముదిరేదాకా నిలబడి, లోపలికొచ్చి మూల కూర్చునేది.

"గుణం పోయినట్లుండాది దానికి" అంది జేజి ఒకరోజు. మామూలుగానే అంది. అక్క ఆ పూట అంబలి ముట్టలేదు.

నాయన మరో ఆలోచన చేశాడు. గుంతకల్లులో రైల్వేలో పనిచేసే దాయాది ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గరికి పోతే ఎవరైనా ఎముకల డాక్టరుకు చూపిస్తాడని, కరువు పని కాస్త తెరిపిచ్చాక నన్ను తీసుకుపోతానని చెప్పాడు. నాకు డాక్టరు సంగతి పట్టలేదు. రైలు చూస్తానని మాత్రం పట్టింది. ఇంజను ఎలా కూస్తుందో రోజూ అక్కకు కూసి చూపించేదాన్ని. అక్క నవ్వేది కాదు. నేను గుంతకల్లుకు పోవడమంటే దాని కాలు పనికిరాలేదని ఊరికి చాటినట్టే అని దానికి తెలుసు. నాకు తెలియలేదు.

పోయేలోపలే నొప్పి తగ్గింది. ఒక్కసారిగా కాదు. కంకర మోసి మోసి సాయంత్రం ఇంటికొచ్చి కూర్చున్నాక, పొద్దుటి నుంచీ కాలు సంగతే తలచుకోలేదని హఠాత్తుగా తట్టింది. మర్నాడూ అంతే. ఆ ఆదివారం అక్క తొక్కి, "ఎట్లుండాదమ్మే?" అని అలవాటుగా అడిగింది.

"నొప్పి లేదక్కా."

అక్క నా మొహంలోకి చూసింది. కాలు పట్టుకుని చీలమండ కింద గట్టిగా నొక్కింది. నేను అరవలేదు. అంతే, పావడా ఎగ్గట్టి వీధిలోకి పరుగెత్తింది. "మా చెల్లెలి కాలు ఇడిసింది! మా చెల్లెలి కాలు ఇడిసింది!" అని ఊరి చివరి ఇల్లు దాకా పోయి అరిచి వచ్చింది. జేజి పొయ్యి దగ్గర్నించి లేచొచ్చి, ఎప్పుడూ లేనిది, దాన్ని పీట మీద కూర్చోబెట్టి, దాని ఎడమకాలికి మిరపకాయలతో దిష్టి తీసింది. మిరపకాయల ఘాటుకు ఇల్లంతా దగ్గుతూ నవ్వాం. ఆ కరువు ఏడాదంతటిలో మా ఇంట్లో అందరూ కలిసి నవ్వింది అదొక్కసారే.

"ఇంట్లోనే వైద్యం పెట్టుకోని యాడికో పోదామనుకుంటిమి" అన్నాడు నాయన. గుంతకల్లు ప్రయాణం ఆగిపోయింది. రైలు చూడలేకపోయానని నేను ఏడ్చాను.

ఆ తర్వాత అక్కకు పేరొచ్చింది. కుందుర్పి వైపు నుంచి కూడా బండి కట్టుకుని వచ్చేవాళ్లు. మెట్టినింటికి పోయినా, మొగుడు పోయాక నా దగ్గరికి వచ్చి చేరినా, ఆదివారం దాని కాలికి మర్యాద పోలేదు. వచ్చినవాళ్లకు అది నన్నే చూపించేది. "ఇదిగో, దీని కాలు నడిచేకి పనికిరాదని అందురు. చూడండి ఎట్ల తిరుగుతాందో" అనేది. నేను తిరిగేదాన్ని. ఆ కాలు పక్కకు ఒరగదని, గట్టు మీద నడిస్తే చెక్కపలక మీద నిలబడ్డట్టు ఒళ్లంతా ఊగుతుందని నాకు తెలుసు. అది నా నడక అనుకున్నాను, అంతే. నలభై దాటాక మళ్లీ నొప్పొచ్చింది. వయసనుకున్నాను.

నా మనవరాలికి కాలు బెణకడం మొదలైనప్పుడు ఇంట్లో ఎవరూ కంగారుపడలేదు. బడిలో ఖోఖో ఆడి బెణికిందన్నారు. ఉరవకొండలో డాక్టరు మాత్రలూ, సాగే పట్టీ ఇచ్చాడు. మళ్లీ బెణికింది. నా కొడుక్కు భయమెందుకు? వాడు పుట్టినప్పటి నుంచీ వింటున్న కథే కదా. "పెద్దమ్మ తొక్కితే అమ్మ కాలు బాగుపడలేదా?" అన్నాడు. నేనూ అదే అన్నాను. చిన్నది ఏడ్చినప్పుడల్లా "నాకూ ఇట్లే ఉండె పాపా, ఓర్చుకో, పోతాది" అని నా కాలే చూపించాను. రెండేళ్లు ప్రతి ఆదివారం మా అక్క వణికే ముసలికాలితో, గోడ పట్టుకుని, ఆ బిడ్డ కాలు తొక్కింది. చివరికి చిన్నది బడి మెట్లు ఎక్కలేక కూలబడితే వాళ్ల ఆటల టీచరు ఫోన్ చేసి గట్టిగా కోప్పడింది. అప్పుడు తీసుకొచ్చాం అనంతపురానికి.

డాక్టరు వయసులో చిన్నవాడు. చిన్నదాన్ని మునివేళ్ల మీద నిలబడమన్నాడు. అలా నిలబడితే మామూలుగా మడమ లోపలికి తిరిగి పాదం కింద గుంట పడుతుందట. దీనికి రెండూ జరగలేదు. మడమ పట్టుకుని పక్కలకు తిప్పబోయాడు, రాయిలా ఉంది. ఎక్స్‌రే తీయించాడు. దాంతో తృప్తిపడక స్కాన్ చేయించాడు. ఆ ఫిల్ము దీపపు పలక మీద పెట్టి నన్ను దగ్గరికి పిలిచాడు.

"మడమ ఎముకకూ దాని మీద కూర్చునే ఎముకకూ మధ్య ఒక కీలు ఉంటుందమ్మా. ఎగుడుదిగుడు నేల మీద పాదం పక్కలకు ఒరిగేది దానివల్లే. ఈ పాపకు ఆ రెండు ఎముకలూ పుట్టుకతోనే సరిగా విడిపోలేదు. చిన్నప్పుడు ఆ అతుకు మెత్తగా ఉంటుంది, తెలియదు. ఎదిగేకొద్దీ గట్టిపడుతుంది. అప్పుడే నొప్పి, మాటిమాటికీ బెణకడం. ఇది కొందరికి వంశంలో వస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?"

"మా అవ్వదీ ఇట్లే రొట్టె పాదం" అంది చిన్నది.

డాక్టరు నన్ను బల్ల మీద కూర్చోబెట్టి నా మడమ పట్టుకున్నాడు. చిన్నప్పుడు నొప్పి ఉండేదా అని అడిగాడు. నాకు ఉత్సాహం వచ్చింది. మా అక్క కథంతా చెప్పాను, దిష్టి తీసిన మిరపకాయలతో సహా. ఆయన నవ్వలేదు. ఎగతాళి చేసినా బాగుండేది.

"మీ నొప్పి పోవడానికి కారణం అది కాదమ్మా. ఆ ఏడాదికి మీ అతుకు పూర్తిగా ఎముకైపోయి ఉంటుంది. కదలిక ఆగిపోయింది, దాంతో నొప్పీ ఆగింది. కొందరికి అలా జరుగుతుంది. అందరికీ జరగదు. అరిగిపోయిన పక్క కీళ్లు ఇప్పుడు మిమ్మల్ని బాధపెడుతున్నాయి."

"మరి ఈ బిడ్డకు కోసి విడదీయరా నాయనా?"

"చిన్న అతుకైతే తీసేస్తాం. పాపకు కీలు సగానికి పైగా అతుక్కుని ఉంది. మిగిలింది కూడా అరుగుతోంది. తీసినా లాభం ఉండకపోవచ్చు. ఇప్పుడు కొన్ని వారాలు సిమెంటు కట్టు, తర్వాత చెప్పులో మెత్త. నొప్పి లొంగకపోతే ఎదుగుదల ఆగాక ఆ కీలును మొత్తం బిగించేయాలి. పరుగులు, ఆటలు ఇక వద్దు."

"రెండేండ్ల ముందు వచ్చింటే?"

ఆయన ఫిల్మును కవరులో పెట్టి నా చేతికిచ్చాడు. "అప్పుడు చూసి ఉంటే చెప్పగలిగేవాణ్ణి. ఇప్పుడు చెప్పలేను" అన్నాడు. తప్పు మీదే అన్నా మోసేదాన్ని. ఏమీ తేలని ఆ మాటను ఎక్కడ దించుకోను?

బస్సులో చిన్నది కట్టు కట్టిన కాలు నా ఒళ్లో పెట్టుకుని నిద్రపోయింది. దారి పొడుగునా చేలు ఎండిపోయి ఉన్నాయి. ఈ ఏడు కూడా ఒక్క పదునే పడింది.

ఇంటికి వచ్చేసరికి అక్క గడపలో కూర్చుని ఉంది.

"ఏమన్నాడమ్మే డాక్టరు?"

"ఎముకలు అతుక్కోని ఉండాయంట అక్కా. పుట్టుకతోనే. దీనికీ, నాకూ."

"నీకు బాగైపాయె గదా."

నేను నోరు తెరిచేలోపే చిన్నది అందుకుంది. దానికి ఆసుపత్రిలో విన్నదంతా కొత్త పాఠం. "బాగు కాలేదంట పెద్దవ్వా. పూర్తిగా అతుక్కపోయి కదిలేది మానేసినాయంట. అందుకే నొప్పి పోయిందంట."

అక్క ఆ తెల్లటి కట్టు వైపు చూసింది.

"ఎప్పుడు అతుక్కున్యాయంట నీకి? నేను తొక్కిన ఏడే గదా?"

"ఆ ఏడే. అయితే నీ తొక్కుడుకూ దానికీ ఏం సంబంధం లేదక్కా."

"లేకుండ ఎట్ల పోతాదమ్మే? ఈ కాల్లో గుణం ఉండాదని ఊరంతా అనె. జేజి దిష్టి తీసె. గుణం ఉండేది నిజమైతే అతికించింది గూడా ఇదే గదా. నిన్ను అతికించినా. ఇప్పుడు ఈ బిడ్డను అతికించినా."

నేను ఫిల్ము కవరులోంచి తీసి వెలుతురుకు పట్టి చూపించాను. పుట్టుకతో వచ్చిందని, వంశంలో వచ్చిందని, మన జేజిదో ముత్తాతదో అడుగు ఇలాగే ఉండి ఉంటుందని చెప్పాను. అక్క బుద్ధిగా చూసింది. అన్నింటికీ తలూపింది. "సరేలేమ్మే" అంది. నమ్మలేదు. ఆ కాలికి ఏ శక్తీ లేదని ఒప్పుకుంటే తప్ప దానికి ఈ పాపం తీరదు. ఆ శక్తి కూడా లేదంటే దానికి ఈ లోకంలో ఇంకేముంది?

ఆదివారం వెనక వీధి అబ్బాయి నడుము పట్టుకుందని వచ్చి, అలవాటుగా తూర్పు తిరిగి కూర్చున్నాడు. అక్క లేవలేదు.

"ఆసుపత్రికి పో నాయనా. ఇంక తొక్కను" అంది.

అమ్మ పోయింది, నాయన పోయాడు, జేజి ఎప్పుడో పోయింది. మా పుట్టింటి వాకిలి సిమెంటైంది. ఆ రోజు ఊరి చివరిదాకా పరుగెత్తిన పిల్లను గుర్తుపెట్టుకోవడానికి నేనొక్కదాన్నే మిగిలాను. నేను కళ్లు మూసుకుంటే అది ఇంకా అరుస్తూనే ఉంటుంది, మా చెల్లెలి కాలు విడిచిందని. కళ్లు తెరిస్తే అక్క గడపలో కూర్చుని ఉంటుంది. చిన్నది కట్టుకాలు ఈడ్చుకుంటూ అటుగా పోతే చాలు, తగులుతుందేమోనని తన ఎడమకాలు చీర కిందికి లాక్కుంటుంది.